నేను తీయించుకోని కోర పన్ను

నేను అందం కోసం పళ్లకు తీగలు వేయించుకోలేదు. రెండేళ్లకు పైగా ఈ మాట చెప్పి చెప్పి విసిగిపోయాను. బస్సులో చెప్పాను, పెళ్లి పందిట్లో చెప్పాను, ఒకసారి దినం భోజనాల దగ్గర విస్తరి ముందు కూర్చుని కూడా చెప్పాల్సి వచ్చింది. ఎవరూ నమ్మలేదు. అందం కోసమే వేయించుకున్నా అడగడానికి వీళ్లెవరని తర్వాత తర్వాత కోపం కూడా వచ్చేది. ఇప్పుడు తీగలు తీసేసి నాలుగు నెలలైంది. భయం పోయింది, కోపం మాత్రం కొంచెం మిగిలింది. అది కూడా చల్లారిపోకముందే రాసిపెడదామని కూర్చున్నాను.

మాది ములకలపల్లి దాటాక అడవి అంచున ఉన్న ఊరు. నా పేరు సునీత, అక్కడి అంగన్‌వాడీలో టీచరును. ఇంట్లో మేం ముగ్గురం. నేను, మా ఆయన రమేశ్, మా అత్తమ్మ. పత్తి, మిరప వేస్తాం. వేసవిలో అత్తమ్మ తునికాకుకు పోతుంది. నాకు అప్పుడు సెలవులు కాబట్టి నేనూ పోతాను. బీడీలు చుట్టే ఈ ఆకు మా వైపు ఆడవాళ్లందరికీ ఎండాకాలపు పని. నా రోగం అడ్డం తిరిగింది కూడా ఆ ఆకు దగ్గరే.

పత్తి తీసే రోజుల్లో ఇదంతా మొదలైంది. మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని అరటిపండు తింటుంటే పైవరసలో ఒక పన్ను కదిలింది. రాయి తగిలి కదిలితే సరే, అరటిపండుకు కదలడమేంటని నాకే సిగ్గేసింది. ఎవరికీ చెప్పకుండా నాలుకతో ఆడించుకుంటూ వారం గడిపాను. అన్నం ఒక పక్కతోనే నమిలేదాన్ని. చివరికి పాల్వంచలో ఒక పళ్ల డాక్టరు దగ్గరికి పోతే ఆయన చూసి నవ్వాడు. ఇది పాలపన్నమ్మా అన్నాడు. అప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్లు.

నా కోర పన్ను రావాల్సిన వయసులో రాలేదట. అది పైనే ఎక్కడో ఇరుక్కుపోతే, దాని జాగాలో పాలపన్ను ఇన్నేళ్లూ కాపలా కాసింది. పిల్లలకు పళ్ల గురించి పాటలు నేర్పే టీచరు నోట్లో పాలపన్ను ఉందని తెలిస్తే ఊరు నవ్వకుండా ఉంటుందా! రెండూ తీసేసి కట్టుడు పన్ను పెడతాను, రెండు మూడు సార్లు వస్తే చాలు అన్నాడు ఆ డాక్టరు. మంచిగానే చెప్పాడు. నేను లేచి వస్తుంటే, పైనున్న పన్ను ఏ దిక్కున ఉందో ఒకసారి ఖమ్మంలో చూపించుకోమన్నాడు. ఆ ఒక్క మాటకు ఆయనకు ఎన్నిసార్లు దండం పెట్టుకున్నానో.

ఖమ్మం దవాఖానాలో కూర్చునే గది నిండా పిల్లలే. ఎనిమిదో తరగతివాళ్లు, తొమ్మిదో తరగతివాళ్లు, పక్కన వాళ్ల అమ్మలు. ఒకావిడ నన్ను చూసి, పాప లోపలికి పోయిందా అని అడిగింది. నేనే పాపను అన్నాను. ఆవిడ గబుక్కున ఫోను తీసుకుంది. తర్వాత రెండేళ్లలో ఆ గదిలో ఎంతసేపు కూర్చున్నానో లెక్క లేదు. ఫ్యాను ఏ రెక్క వంగి ఉందో, ఏ కుర్చీ కిర్రుమంటుందో ఇప్పటికీ చెప్పగలను.

డాక్టరమ్మ నా కంటే చిన్నది. ఫొటో తీయించి, కంప్యూటర్లో నా పుర్రె మొత్తాన్ని గిరగిరా తిప్పి చూపించింది. నా కోర పన్ను అంగిట్లో అడ్డంగా పడుకుని ఉంది. ఊరికే పడుకుంటే బాగుండేది. దాని మొన ముందుకు పోయి, ముందు పన్నుకు పక్కనే ఉండే పన్ను వేరుకు ఆనుకుంది. వేరు అప్పటికే కొంత అరిగిపోయింది. అలాగే వదిలేస్తే ఆ పక్క పన్ను కూడా పోవచ్చని చెప్పింది. ఎలాంటి నొప్పీ లేదు, వాపూ లేదు. నా నోట్లో ఒక పన్ను ఇంకో పన్నును తింటుంటే నాకు తెలియనే తెలియదు.

రెండు దారులున్నాయని చెప్పింది. ఒకటి, అంగిలి కోసి కోర పన్నును తీసేయడం. రెండు, అంగిలి తెరిచి ఆ పన్నుకు చిన్న గొలుసు అతికించి, మిగతా పళ్లకు వేసిన తీగల సాయంతో నెమ్మదిగా లాగి దాని జాగాకు తేవడం. ముందు దాన్ని పక్క పన్ను వేరు మీది నుంచి వెనక్కి తప్పించాలి. ఆ తర్వాతే కిందికి దించాలి. తొందరపడి ఒకేసారి కిందికి లాగితే రెండు వేర్లూ దెబ్బతింటాయి.

"తీసేసుడు తేలిక. గుంజుడు కష్టం. మీ వయసుకు ఒక్కోసారి పన్ను ఎముకకు అతుక్కుపోయి ఉంటది, ఎంత గుంజినా కదలదు. నేను హామీ ఇయ్యలేను. మీరేమనుకుంటున్నరు?" అని అడిగింది.

దవాఖానాలో నన్ను ఎవరైనా ఏమనుకుంటున్నావని అడగడం అదే మొదటిసారి. మందు రాసి, సంతకం పెట్టమని, తర్వాతివాళ్లను పిలవడమే నాకు తెలుసు. వెంట వచ్చిన మా ఆయన వైపు చూశాను. అతను గోడ మీద క్యాలెండరు చూస్తున్నాడు. గుంజుదాం మేడం, కదలకపోతే అప్పుడు చూద్దాం అన్నాను. ఎందుకంత ధైర్యం వచ్చిందంటే చెప్పలేను. నాది అయి ఉండీ, ఇరవై తొమ్మిదేళ్లు దాక్కున్న పన్ను అది. ముఖం చూడకుండా పారేయడం నాకు నచ్చలేదు.

ఇంటికొచ్చి చెప్తే అత్తమ్మ చేట కింద పెట్టింది. "గింత పెద్దగైనంక పళ్లకు తీగలేంది? కదిలింది తీసి పారేస్తే అయిపాయె. ఊళ్లె ఎవలు తీయించుకోలేదు?" అంది. ఆ మాట నిజమే. మా ఊళ్లో నలభై దాటిన ఆడవాళ్లు నవ్వేటప్పుడు కొంగు అడ్డం పెట్టుకోవడం సిగ్గుతో కాదు, పళ్లు లేక. మూడో రోజు పొద్దున్నే బస్సెక్కి తీగలు వేయించుకొచ్చాను. పదిహేను రోజులు ఆమె నాతో అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు.

అంగన్‌వాడీ పిల్లలే నయం. మొదటి రోజు నా నోట్లోకి తొంగి చూసి, టీచరమ్మ పళ్లకు ఫెన్సింగు వేశారని తేల్చేశారు. అడవి పందులు రాకుండానా అని ఒక పిల్ల అడిగింది. అవ్ అన్నాను.

మిరప కోతల మధ్యలో ఆపరేషను చేశారు. కోసినదంతా రాయను, అది వాళ్ల పని. నాకు తెలిసింది చప్పుడు, నోట్లో ఉప్పటి రుచి, కళ్ల మీద పడ్డ తెల్లటి వెలుగు. అక్కడ సాయం చేసే ఒకావిడను అందరూ రమణక్క అంటారు. ఆమె నా మణికట్టు మీద రెండు వేళ్లు వేసి అంతసేపూ తీయలేదు. నాడి చూస్తోందనుకున్నాను. తర్వాత అడిగితే, ఊరికే పట్టుకున్నానమ్మా, ఒంటరిగా ఉన్నావనిపించిందని చెప్పింది. మా ఆయన బయటే ఉన్నాడు. కాని ఆ కుర్చీలో ఎవరైనా ఒంటరే.

దానిమ్మ పువ్వులా వాచిన అంగిలితో ఇంటికి వచ్చాను. అన్ని రోజులు మాట్లాడని అత్తమ్మే బియ్యం నానబెట్టి, రుబ్బి, జావ కాచి, చల్లారబెట్టి నా ముందు పెట్టింది. అయిదు రోజులు అలాగే పెట్టింది. గిన్నె పెట్టేటప్పుడు మాత్రం, అడుగు అంటకుండా కలుపుతూ కూర్చుంటే నా నడుములు పోయినయని గోడతో చెప్పేది. నేను గోడ పక్కనే కూర్చుని తాగేదాన్ని.

ఇక అసలు పని మొదలైంది. ఎవరైనా నాలాగా ఈ దారిలో పోతుంటే ఈ భాగం బాగా చదవాలి. ఆపరేషను ఒక్క పూట, దాన్ని కాపాడుకోవడం నెలల తరబడి. చిగురులోంచి బయటికి వచ్చిన గొలుసు కొస చుట్టూ అన్నం మెతుకు నిలిస్తే చిగురు వాస్తుంది. చిగురు చెడితే పన్ను వచ్చినా పట్టు ఉండదు. అందుకని తిన్న ప్రతిసారీ తోమడం. బోరింగు దగ్గర పగటి పూట మూడోసారి బ్రష్ పట్టుకుని నిలబడితే, నీళ్లకు వచ్చినవాళ్లు చూపే చూపు నాకు కంఠతా వచ్చేసింది. ఈమె పళ్లు వెండివా అని ఒకామె, మొగుడు కొత్తగా ముద్దు చేస్తున్నాడేమో అని ఒకామె. నేను నురగ ఉమ్మి మళ్లీ తోమేదాన్ని. నాలుగు వారాలకొకసారి ఖమ్మం పోవడం తప్పించలేదు. మేడం లాగే బలం కొంచెమే ఉండేది. ఇంకొంచెం గట్టిగా లాగండి, తొందరగా అయిపోతుందని మొదట్లో నేనే అడిగాను. గట్టిగా లాగితే వేర్లు అరుగుతాయి, ఇది తొందర పడే పని కాదని చెప్పింది. ఏదైనా ఊడినా, గొలుసు వదులైనా అదే రోజు రావాలని ప్రతిసారీ చెప్పేది. ప్రతిసారీ తలూపేదాన్ని.

ఆ ప్రయాణాల్లో ఒక మనిషిని మరిచిపోలేను. ఖమ్మం బస్టాండు దగ్గర టిఫిను బండాయన. మొదటిసారి నేను నోరు పట్టుకుని నిలబడితే, అడగకుండానే ఇడ్లీలు సాంబారులో మెదిపి చెంచాతో ఇచ్చాడు. తర్వాత నేను కనబడగానే మెదపడం మొదలుపెట్టేవాడు. నా పేరు ఆయనకు తెలియదు, ఆయన పేరు నాకు తెలియదు.

ఎండలు ముదిరేసరికి మళ్లీ ఫొటో తీశారు. కోర పన్ను మొన పక్క పన్ను వేరు మీది నుంచి తప్పుకుంది. వేరు కురచగానే ఉంది, కాని ఇక అరగడం లేదు. మేడం ముఖంలో నవ్వు చూసి నేను కుర్చీలోనే ఏడ్చేశాను. సగం గెలిచాం, ఇక కిందికి దించడమే మిగిలిందని చెప్పింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని కొత్తగూడెం దాకా నాలో నేనే నవ్వుకున్నాను. పక్కనామె సీటు మారింది.

తర్వాత తునికాకు వచ్చింది.

తెల్లారకముందే అడవికి పోయి ఆకు తెంపుతాం. ఎండ ఎక్కేలోపు మూట తెచ్చి, వసారాలో కూర్చుని యాభై ఆకుల చొప్పున కట్టలు కడతాం. సాయంత్రానికి వాటిని కల్లానికి చేర్చాలి, అంటే ఆకు లెక్కపెట్టి ఆరబోసే మైదానానికి. కట్ట కట్టేది చెట్టు బెరడు నుంచి తీసిన నారతో. ఎడమ చేతిలో ఆకులు అణిచి పట్టుకుని, కుడి చేత్తో నార చుట్టి, ఒక కొసను పళ్ల మధ్య బిగించి గుంజితే ముడి పడుతుంది. మా అమ్మ అలాగే కట్టింది, అత్తమ్మ అలాగే కడుతుంది, నేను ఏడేళ్ల వయసు నుంచీ అలాగే కట్టాను. అందులో ఆలోచన ఉండదు. చెయ్యి, నోరు వాటంతట అవే కలిసి పని చేస్తాయి.

తీగలు వేసుకుని మెతుకు మెతుకూ కడిగిన దాన్ని నేను. చెరుకు ముట్టలేదు, మొక్కజొన్న కంకి ముట్టలేదు, మామిడికాయ బద్ద కొరకలేదు. కాని మొదటి రోజు పదో కట్టకో పదిహేనో కట్టకో నార కొస పళ్ల మధ్యకు పోయింది. గుంజాను. లోపల ఎక్కడో టక్కుమంది. నొప్పి లేదు. నాలుక పెట్టి చూస్తే గొలుసు కొస వదులుగా ఊగుతోంది.

తినేవన్నీ ఒక్కొక్కటీ అడిగి ఏది తినొచ్చో ఏది తినకూడదో చెప్పింది మేడం. పళ్లతో నార గుంజుతావా అని అడగలేదు. ఆమెకు ఎలా తెలుస్తుంది! నాకే గుర్తు లేదు. అది తినడం కాదు కదా, పని.

అదే రోజు పోవాలి. పోలేదు. పోయి ఏమని చెప్పాలి? ఇన్ని నెలలు అందరి మాటలూ పడి, సగం గెలిచానని ఇంట్లో చాటింపు వేసి, చివరికి నారతో నేనే తెంపుకున్నానని చెప్పాలంటే తల తీసేసినట్టుంది. అత్తమ్మకు తెలిస్తే నేను ముందే చెప్పలేదా అంటుంది. ఆకు రోజులు ఎన్నో ఉండవు, అయిపోగానే పోదాంలే అని నాకు నేనే చెప్పుకున్నాను. మిగతా రోజులు నారను కాలి బొటనవేలికి చుట్టి గుంజుతూ కట్టాను. చేతి వేగం సగానికి పడిపోయింది. అత్తమ్మ ఓరగా చూసింది కాని అడగలేదు.

పదకొండో రోజుకు అంగిలి వాచింది. జ్వరం వచ్చింది. నీళ్లు మింగినా చెవి దాకా సలుపు. అప్పుడు పోయాను ఖమ్మం.

మేడం నోట్లో చూసి ఎన్ని రోజులైందని అడిగింది. రెండు రోజులన్నాను. ఆమె అద్దం పక్కన పెట్టి కుర్చీ దగ్గరికి జరిపింది.

"రెండు రోజులకు చిగురు గిట్ల మూసుకపోదు. నేను తిట్టను. ఎంత ఆలస్యమైందో తెలిస్తేనే ఏం చెయ్యాల్నో తెలుస్తది నాకు."

అప్పుడు చెప్పాను, నార సంగతి కూడా. ఆమె తిట్టలేదు. నారను ఎలా గుంజుతారో చూపించమంది. గాలిలోనే ఎడమ చెయ్యి, కుడి చెయ్యి, నోరు పెట్టి చూపించాను. కాసేపు చూసి, తన పుస్తకంలో ఏదో రాసుకుంది. అటువైపు ఊళ్ల నుంచి వచ్చే వాళ్లను ఇకమీదట ఇది కూడా అడుగుతానని చెప్పింది. నాలాంటి ఇంకొకతె ఆ తప్పు చేయకుండా ఉంటే అదే చాలు. నేను దాచిపెట్టిన రోజులు మాత్రం నా తప్పే. దాచడం వల్ల వచ్చిన వాపే అది. ఊడిన రోజే పోయి ఉంటే అక్కడికక్కడే సరి చేసేవాళ్లేమో. ఇది చదివేవాళ్లు నా మీద జాలి పడకపోయినా పర్లేదు, ఇలా మాత్రం దాచకండి.

వాపు తగ్గాక మళ్లీ అంగిలి తెరవాల్సి వచ్చింది. మళ్లీ తెల్లటి వెలుగు, మళ్లీ రమణక్క రెండు వేళ్లు. కొత్త గొలుసు అతికించాక మేడం దాచకుండా చెప్పింది. ఈసారి మూడు నెలలు చూస్తాం. మూడు నెలల్లో కదలకపోతే అది ఎముకకు పట్టేసిందనే అనుకోవాలి, ఇంకా లాగుతూ పోతే పక్క పళ్లకు ప్రమాదం. అప్పుడు తీసేయక తప్పదు.

వానలు పడ్డాయి. పత్తి విత్తనాలు వేశాం. మొదటి నెల పోయి వస్తే ఏమీ కదలలేదు. రెండో నెల కూడా అంతే. నేను నాలుగు కిలోలు తగ్గాను. అంగన్‌వాడీలో పాట పాడుతుంటే మధ్యలో నాలుక అంగిట్లోకి పోయి ఆగిపోయేది, పిల్లలు మిగతా పాట వాళ్లే పాడేసేవాళ్లు. రెండో నెల ఖమ్మం నుంచి వచ్చిన రోజు వసారాలో కూర్చుంటే మా ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. ఎప్పుడూ ఈ విషయంలో అవునూ కాదూ అనని మనిషి.

"చాలు సునీతా. తీయించెయ్. నిన్ను గిట్ల చూడలేకపోతున్న" అన్నాడు.

అది ప్రేమతో అన్న మాటే. అందుకే ఎక్కువ కోపం వచ్చింది. బయటివాళ్లు అంటే పోట్లాడొచ్చు, ఇంట్లోవాళ్లు జాలి పడితే ఏం చేయాలి? ఇంకొక నెల ఉంది, ఆ నెల నాది, నెల అయ్యాక కదలకపోతే నేనే బస్సెక్కి పోయి తీయించుకుంటానని గట్టిగా చెప్పాను. గొంతు పెరిగింది. నువ్వు మొండిదానివని లేచాడు. అవ్, మొండిదాన్నే అన్నాను.

అత్తమ్మ లోపల బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టి వచ్చి నా ముందు నేల మీద కూర్చుంది. గొలుసు నారతోనే ఊడిందని నేను ఆమెకు చెప్పలేదు. కాని బొటనవేలికి నార చుట్టిన రోజే ఆమెకు అర్థమైందట. మామూలుగా మొహం చూపించకుండా మాట్లాడే మనిషి, ఆ రోజు కొంగు తీసి, నోరు బాగా తెరిచి నాకు చూపించింది. పదేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నాం, అత్తమ్మ నోరు నేను ఎప్పుడూ చూడలేదు. పైన ముందు నాలుగు పళ్లూ లేవు. కింద ఉన్నవాటి అంచుల్లో నార ఒరుసుకున్న గాట్లు, రెండు పళ్లకు కత్తితో తీసినంత లోతుగా.

"నాయి ఒక్కటొక్కటి కదిలినయి. కదిలినప్పుడల్లా పళ్ల డాక్టర్ల క్యాంపుల తీసేసిన్రు. ఉంచుకుంటవా అని ఒక్కరన్న అడగలే. నాకు గూడ అడగాల్నని తెల్వలే. నిన్ను అడిగిన్రు గద బిడ్డా. ఉంచుకో."

తర్వాత లేచి పోయి మళ్లీ బియ్యం ఏరుకుంది. మా ఆయన గుమ్మంలోనే నిలబడిపోయాడు. మూడో నెల అతనే నన్ను కొత్తగూడెం దాకా బండి మీద దింపి బస్సెక్కించాడు, తీయించెయ్ అని మళ్లీ అనలేదు.

మూడో నెల చివరి వారం, అంగన్‌వాడీలో పిల్లలకు గుడ్లు ఒలుస్తున్నాను. అలవాటుగా నాలుక అంగిట్లోకి పోయింది. ఏదో గరుకుగా తగిలింది. గుడ్డు పెంకు అనుకుని వేలు పెట్టి తీయబోయాను, రాలేదు. బియ్యపు గింజలో సగం కూడా లేదు, గట్టిగా ఉంది. సాయం చేసే ఆయమ్మకు పిల్లలను అప్పజెప్పి, వెనక గదిలోకి పోయి, ఫోను లైటు వేసి అద్దంలో చూసుకున్నాను. తెల్లగా ఒక మొన. అక్కడే గుడ్ల ట్రే పక్కన కూర్చుని, నోరు తెరుచుకునే ఏడ్చాను, మూస్తే ఎక్కడ లోపలికి పోతుందోనని భయం.

ఖమ్మంలో మేడం చూసి, వచ్చేసిందమ్మా మీ పన్ను అంది. రమణక్క మణికట్టు పట్టుకోలేదు ఈసారి, ఏకంగా చెయ్యి పట్టుకుంది.

దాన్ని అంగిట్లోంచి వరసలోకి తేవడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. ముందు జాగా ఖాళీ చేయాలని నా పాలపన్ను తీసేశారు. కాగితంలో చుట్టి ఇచ్చారు. ఇంటికి తెస్తే అత్తమ్మ ఎంతో శ్రద్ధగా దాన్ని పేడ ఉండలో పెట్టింది, చిన్నపిల్లల పన్ను ఊడితే చేసినట్టే. పెరట్లో నిలబెట్టి ఇంటి మీదికి విసరమంది. ముప్పై ఏళ్ల ఆడదాన్ని, పక్కింటి వెంకటమ్మ గోడ మీది నుంచి చూస్తుండగా, కళ్లు మూసుకుని విసిరాను. రేకుల మీద టప్పుమని పడింది. పెద్ద పన్ను జల్దీ రావాలె అని అత్తమ్మ దండం పెట్టింది. వచ్చేసింది కదా అత్తమ్మా అంటే, అయినా పెట్టాలె అంది.

ఇదీ జరిగింది. కోర పన్ను ఇప్పుడు దాని జాగాలో ఉంది. చిగురు పట్టుకుంది. పక్క పన్ను వేరు కురచే, అది మళ్లీ పెరగదు, దాన్ని బతికినంత కాలం నేనే చూసుకోవాలి. పళ్లు వెనక్కి జరగకుండా పడుకునేటప్పుడు ఒక పట్టీ పెట్టుకుంటాను. బోరింగు దగ్గర ఇప్పటికీ మూడు సార్లు తోముతాను. నీళ్లకు వచ్చేవాళ్లు ఇప్పుడు చూడటం మానేశారు. ఒకామె మాత్రం తన కూతురి పన్ను ఒకటి రాలేదని, ఎక్కడ చూపించాలని అడిగింది. ఖమ్మం పొమ్మని చెప్పాను, తీసేస్తామంటే ఎందుకని అడగమని కూడా చెప్పాను.

ఈ వేసవి మళ్లీ తునికాకు వచ్చింది. మొన్న కల్లం దగ్గర అందరం వరసగా కూర్చుని, ఊడిపోయిన కట్టలు సరిచేసుకుంటున్నాం. తీగలు తీసిన పళ్లు చూద్దామని వెంకటమ్మ నన్ను నవ్వించి, ఇప్పుడు కొత్త పన్ను వచ్చింది కదా, నార గుంజి చూపియ్యి, ఎంత గట్టిదో చూద్దాం అంది. చుట్టూ నవ్వారు. నేను నోరు తెరిచేలోపే నా పక్క నుంచి అత్తమ్మ మాట వినబడింది. ఆమె తలెత్తలేదు, చేతిలో పని ఆపలేదు.

"అది నార గుంజెటందుకు వచ్చిన పన్ను కాదు."

తిరిగి చూస్తే ఆమె కాళ్లు బారజాపి కూర్చుని ఉంది. నార కొస ఆమె కాలి బొటనవేలికి చుట్టి ఉంది. అరవై ఏళ్లు దాటిన మనిషి, నలభై ఏళ్ల అలవాటు. ముడి నాకంటే మెల్లగా పడుతోంది, వంకరగా పడుతోంది. అయినా గాట్లు పడ్డ ఆ కింది పళ్లు రెండూ మూసిన పెదాల వెనకే ఉన్నాయి. వెంకటమ్మ కాసేపు చూసి, ఎట్ల చుడుతున్నవ్ అక్కా అని ముందుకు వంగింది.

కోర పన్నుతో ఇప్పటిదాకా మొక్కజొన్న కంకి తిన్నాను, మామిడికాయ బద్ద తిన్నాను. నార మాత్రం కొరకలేదు. ఇక కొరకను.